రెండో పిడికెడు

ఆవులోళ్ళ వంశంలో పెద్ద గట్టయ్యకు ఒక్కతే పెళ్ళాం. కంచెగూడెంలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. అలాంటిది ఆ ఏడు కోతలయ్యాక ఆవుల జంగయ్య వాకిట్లో కూర్చుని ఊళ్ళో వంశాలు పాడే కొమురెల్లి, పాటలో గట్టయ్య పక్కన ఆ పెళ్ళాం నర్సవ్వను నిలబెట్టి ఊరుకోలేదు. ఒక ఊపిరి తీసుకుని, "ఆమె యెనక కనకవ్వ" అన్నాడు.

చాట ముందు కూర్చున్న కొత్తకోడలు చెయ్యి తాంబాళంలోనే ఆగిపోయింది. వంశం పాటలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఒక్కొక్క ఆడమనిషి పేరు వినబడగానే తాంబాళంలోంచి పిడికెడు బియ్యం తీసి చాటలో పొయ్యాలి. ఆ పని ఎప్పుడూ అందరికన్నా చివర వచ్చిన కోడలిది. ఈ పేరుకు పొయ్యాలా వద్దా అన్నట్టు ఆ పిల్ల మామ వైపు చూసింది.

"పొయ్యకు," అన్నాడు జంగయ్య. తర్వాత కొమురెల్లి వైపు తిరిగాడు. "ఏందే కొమురెల్లీ, మా తాతల తాతకు ఇయ్యాల మళ్ళ పెండ్లి చేసినవా?"

వాకిట్లో కొందరు నవ్వారు. కొమురెల్లి నవ్వలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆరేళ్ళ పిల్లాడిలా దిక్కులు చూశాడు. నలభై మూడు ఇళ్ళ వంశాలు ఆయన నోట్లో ఉన్నాయి. కాగితం మీద ఒక్క పేరు లేదు.

"నేను తేలే పటేలా. పాటనే తెచ్చింది."

ప్రహరీ దగ్గర నిలబడ్డ సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంటి పేరూ ఆవులే. గట్టయ్య రెండో పెళ్ళాం కడుపున పుట్టినవాళ్ళమని ఆమె మామ, ఆయన తండ్రి చెప్పుకుంటూనే పోయారు. ఆ రెండో ఆమె పేరు మాత్రం వాళ్ళకూ తెలియదు. ఎక్కడినుంచో వచ్చి మా ఇంటిపేరు తగిలించుకున్నారని జంగయ్య వాళ్ళు అంటారు. పాటలో లేరు గనక వాళ్ళు ఆవులోళ్ళు కారు. అంతే లెక్క.

"ఇన్నొద్దులకు నోరు తెరిసినవా కొమురెల్లన్నా," అంది సత్తవ్వ.

"ఓహో," అన్నాడు జంగయ్య. "ఎవలు తెరిపిచ్చిన్రో ఇప్పుడు సమజైంది. పట్నంల నీ బిడ్డ నీ తలకాయకు తీగెలు కట్టిందట గదా. గా తీగెలల్ల పారొచ్చిందా ఈ కనకవ్వ? నీ బిడ్డ, సత్తవ్వ బిడ్డ ఒక్క హాస్టల్ల సదివిన్రు. నేనేం మర్వలే."

కొమురెల్లి బిడ్డ సోమలక్ష్మి అక్కడే ఉంది. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆమె ఏదో అనబోయేంతలో తండ్రి చేతిగంట నేల మీద పెట్టేశాడు.

"పటేలా, గా పేరు అబద్ధమైతే నలభై మూడిండ్ల పాట ఇడిసిపెడత. ఈ గంట మళ్ళ ముట్ట. నిజమైతే చాటల బియ్యం పొయ్యాలె."

"ఎట్ల తేలుస్తవ్? గట్టయ్య వచ్చి చెప్తడా?"

ఊరంతా సోమలక్ష్మిని అనుమానించింది. సోమలక్ష్మి మాత్రం తను పనిచేసే చోటును అనుమానించింది.

ఆమె నగరం శివారులోని ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్. మనిషి తలలో జ్ఞాపకం ఎక్కడ దాగుతుందో, ఏ దారిన బయటికొస్తుందో తేల్చే పని అక్కడ. రెండేళ్ళ కింద తండ్రికి జ్వరం తలకెక్కి తగ్గింది. అప్పటినుంచి పాట మధ్యలో ఆగిపోయేవాడు. ఆగితే మళ్ళీ మొదటికి పోవలసిందే. ఆయనకే కాదు, వంశాలు చెప్పే ఎవరికైనా అంతే. ఫలానా ఆయన కొడుకెవరని మధ్యలోంచి అడిగితే రాదు. ఇంటి మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ వస్తే, ఒక పేరు ఇంకో పేరును లాక్కొస్తుంది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ హైమవతి ఇది విని కుర్చీలోంచి లేచింది. "వెంటనే తీసుకురా."

తెచ్చింది. తలకు టోపీ పెట్టారు. సోమలక్ష్మే చీటీ చూసి అడిగింది: "రావులోళ్ళ ఇల్లు. మల్లయ్య కొడుకులు." టోపీ సన్నగా గుయ్యిమంది. తెర మీద పచ్చగీత లేచింది. ఆ గీత లేచినచోట టోపీ చిన్న తట్టు తట్టింది. ముగ్గురి పేర్లూ వెంటనే చెప్పేశాడు కొమురెల్లి. చెప్పి, తన నోటిని తనే తడుముకున్నాడు.

"ఒక జ్ఞాపకాన్ని పైకి తెచ్చినప్పుడల్లా దాని జాడ తడి మట్టిలా మెత్తబడుతుంది," అని ఆయనకు చెప్పింది హైమవతి. "కొన్ని గంటల్లో మళ్ళీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు మనం చెయ్యి పెట్టి సరిచేస్తాం."

ఎవరి చెయ్యి అని సోమలక్ష్మి ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత వారం వారం పోయివచ్చారు. ఒకసారి బస్సులో తిరిగొస్తుంటే తండ్రి అన్నాడు: "పేర్లు వస్తున్నయి బిడ్డా. గని ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని వస్తలేవు. దేనికదే వచ్చి నిలవడుతున్నది." నయమవుతోంది కదా అని ఆమె సర్దిచెప్పింది.

జంగయ్య వాకిట్లో గొడవైన మూడోరోజు, అందరూ భోజనాలకు పోయిన వేళ చూసుకుని, సోమలక్ష్మి తండ్రి రికార్డు తెరిచింది. మొదటి రెండు వారాలు మామూలుగానే ఉన్నాయి. గుర్తురాని చోట ఖాళీ. మూడో వారంనుంచి ఖాళీలు లేవు. పక్కన కొత్త గడి ఒకటి పుట్టింది: పూరణ.

ఆవుల ఇల్లు, గట్టయ్య దగ్గరికి వచ్చింది. నర్సవ్వ జాడ బలంగా ఉంది. ఆమె తర్వాత ఇంకో జాడ. చాలా పాతది, చిన్నతనంలో పడ్డది. రాగం స్పష్టం. మాట లేదు. మాట ఉండాల్సిన చోట పూరణ. ఎక్కడినుంచి తెచ్చిందో కూడా రాసే ఉంది: రావుల ఇల్లు, మల్లయ్య రెండో భార్య, కనకవ్వ.

హైమవతి రాగానే అడిగింది. "మేడమ్, ఈ పూరణ ఎప్పుడు పెట్టారు?"

"మూడో వారంలో. ఖాళీలు ఎక్కువవుతున్నాయి కదా. జాడ సగమే దొరికితే, చుట్టుపక్కల జాడలు చూసి యంత్రమే మిగతా సగం నింపి తట్టు ఇస్తుంది. నీకు చెప్పాను."

"చెప్పలేదు."

"చెప్పాను సోమలక్ష్మీ. ఈ కిటికీ దగ్గరే నిలబడి తలూపావు." ఫైలు తెరిచి చూపింది. కింద సోమలక్ష్మి సంతకం ఉంది.

సోమలక్ష్మి ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. తనదే. కిటికీ దగ్గర నిలబడ్డ జ్ఞాపకం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. కాసేపటికి, కిటికీ పక్కన తను నిలబడ్డట్టు లీలగా కనబడటం మొదలైంది. గబుక్కున ఫైలు మూసింది.

"అంటే మా నాయిన చెప్పిన పేరు అబద్ధమా?"

"అబద్ధం అనకు. అంచనా."

"ఆయనకు అది అంచనా అని తెలియదు మేడమ్. ఆయనకు గుర్తొచ్చింది."

"గుర్తొచ్చేవాళ్ళకు తేడా తెలియదు," అంది హైమవతి మామూలుగా. "నీకైనా, నాకైనా."

ఆదివారం సోమలక్ష్మి ఊరికి వచ్చి తండ్రి ముందు ఉన్నదంతా చెప్పింది. ఆయన అరుగుమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. చెప్పడం అయ్యేదాకా ఆ చేతులు ఆగలేదు.

"అంటే దొంగ పేరు."

"పేరు దొంగది నాయినా. జాగ మాత్రం నీదే. ఆడ ఒక మనిషి ఉండె. రాగం ఉంది, పేరు లేదు."

"పదేండ్లకు మా నాయిన నాకు పాట నేర్పిండు. అప్పుడు ఆమె లేదు." గింజ ఒకటి వేళ్ళమధ్య తిప్పాడు. "గంతకుముందు ఆయన సంకల కూసొని ఇన్న. ఐదేండ్లో, ఆరేండ్లో. అప్పుడు ఉండెనా? ఉన్నదాన్ని మా నాయిననే కోసేసిండా?"

"ఎందుకు కోస్తడు?"

"ఇల్లుగలోళ్ళు కొయ్యమంటె కోస్తడు. మనం పాడెటోళ్ళం, వాళ్ళు పాడిచ్చుకునెటోళ్ళు." తలెత్తి కూతుర్ని చూశాడు. ఆ చూపు ఆమెకు కొత్త. "తప్పు పట్టకు బిడ్డా. మీ మిషన్ను నేను నమ్మ. నిన్ను సుత నమ్మ. సత్తవ్వ బిడ్డ నీ దోస్తే గదా."

"నాయినా."

"నన్ను సుత నమ్ముత లేను, ఇగ నువ్వెంత."

"మరి ఎవల్ని అడుగుతవ్?"

"నోరున్నోళ్ళను అడుగ," అన్నాడు కొమురెల్లి.

జంగయ్య తల్లి బాలవ్వకు ఎనభై ఆరు. గొడవైన రోజు ఆమె ఊళ్ళో లేదు. కంటి ఆపరేషన్‌కు కూతురింటికి పోయి, పది రోజులకు నల్లద్దాలతో వచ్చింది. అవ్వకు బీపీ ఉంది, ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దని జంగయ్య అందరికీ గట్టిగా చెప్పాడు. బీపీ కోసమేనా అని సత్తవ్వ ఊరంతా అడిగింది.

కొమురెల్లి పెద్దమనుషుల దగ్గరికి పోయి ఒక్క కోరిక కోరాడు. పాట మళ్ళీ మొదటినుంచి పాడతాను, బాలవ్వ కూర్చోవాలి, పాట ముగిసేదాకా ఆ పేరు ఎవరూ ఎత్తకూడదు. తల్లి తన వైపే చెబుతుందని జంగయ్యకు ధీమా. ఒప్పుకున్నాడు. సత్తవ్వ కూడా తలూపింది.

పొద్దున పూట ఎండ ఎక్కకముందే వాకిలి నిండింది. బాలవ్వ వస్తూనే, "ఏందిరా కొమురెల్లీ నీ లొల్లి? గట్టయ్యకు ఇంకొకామె ఉండెనంటున్నవట. నేనెరుగ. ఆయనకు ఒక్కతే," అంది.

"సరే అవ్వా. నీ మాట కాదన్ననా? జర సాయం చెయ్యి. ఇయ్యాల చాట నీ ముంగట పెట్టుకో."

"నేనా? నా చేతులకెల్లి చాట పొయ్యి డెబ్బై ఏండ్లాయెగదరా. మా చిన్న తోడికోడలు రాంగనే మా అత్త ఆమెకిచ్చె."

"అందుకే అవ్వా."

ముసలామెకు మర్యాద చేస్తున్నాడనుకుని అందరూ సంతోషించారు. సోమలక్ష్మికి మాత్రం తండ్రి ఉపాయం అర్థమైంది. పన్నెండేళ్ళకు ఈ ఇంటికి వచ్చిన పిల్ల, నాలుగేళ్ళు పాట విని బియ్యం పోసింది. తోడికోడలు వచ్చాక ఆ పని మళ్ళీ చెయ్యలేదు. పాట ఆ తర్వాత ఎప్పుడు మారినా, ఆ చేతికి మాత్రం ఎవరూ కొత్త పాఠం చెప్పలేదు. తన ప్రయోగశాలలో ఇన్ని తీగలు పెట్టి వెతికేది ఇలాంటి జాడ కోసమే. తండ్రి చాట పెట్టి వెతుకుతున్నాడు.

కొమురెల్లి మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టాడు. మొదటి రెండు పేర్లకు బాలవ్వ చెయ్యి వెనకబడింది. మూడోదానికి అందుకుంది. ఐదోది వచ్చేసరికి ఆమె చాట వైపు చూడటమే మానేసి, పక్కనున్న ఆడమనిషికి ఆపరేషన్ ముచ్చట చెబుతోంది. "కండ్లల్ల మందు పోసి గుడ్డ కట్టిన్రు. పక్క మంచపామె ఒక్కటే ఏడుపు." చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. పేరుకు పిడికెడు, పేరుకు పిడికెడు.

"పెద్ద గట్టయ్య ఇల్లాలు నర్సవ్వ."

పిడికెడు పడింది. కొమురెల్లి ఆగలేదు. రెండో ఆమె మాటే లేకుండా, తను పదేళ్ళకు నేర్చుకున్న పాట ఎలా ఉందో అలాగే, నర్సవ్వ కొడుకుల పేర్లలోకి దిగిపోయాడు.

బాలవ్వ చెయ్యి మళ్ళీ బియ్యంలోకి పోయింది. ఈసారి పిడికిలి నిండా కాదు. వేళ్ళ కొసలతో సగం తీసి చాటలో రాల్చింది. "డాక్టరు మాత్రం మంచోడే," అంటున్న ఆమె మాట అక్కడే తెగింది.

గంట ఆగింది.

"అవ్వకు కండ్లు సరిగ కనవడ్తలేవు," అన్నాడు జంగయ్య. "లెక్క తప్పింది."

"ఇంతసేపు తప్పని లెక్క గీడనే తప్పాల్నా పటేలా?" వెనకనుంచి ఎవరో అన్నారు.

బాలవ్వ అరచేతిని నల్లద్దాల ముందుకు తెచ్చుకుని చూసింది. దానికి అంటుకున్న రెండు గింజలు దులపలేదు. "నా చెయ్యి ఎందుకు వోయిందిరా కొమురెల్లీ? గది సుత సగమే తీసిన."

"ఎందుకు సగం తీసినవవ్వా?" చిన్నపిల్లను అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"మా అత్త." ఆమె తన మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. "మా అత్త గిట్ల పట్టుకునేది. నేను నిండుగ తీస్తె, పట్టుకొని సగం రాలగొట్టేది. 'ఆమెకు సగం చాలు' అనేది." జంగయ్య ముఖం నల్లబడింది. "అవ్, ఉండె. ఒకామె ఉండె. ఉండున్రి, పేరు వస్తున్నది. నోట్లకే వస్తున్నది."

ప్రయోగశాలలో ఇలాంటి క్షణం వస్తే ఒక నియమం ఉంది. ఎవరూ మాట్లాడకూడదు. పేరు అందించకూడదు. కనీసం పెదవులు కదపకూడదు. ఎవరినీ నోరు తెరవనివ్వకూడదని సోమలక్ష్మి జనంలోంచి ముందుకు తోసుకొచ్చింది. ప్రహరీ దగ్గరినుంచి సత్తవ్వ కూడా ముందుకు వంగింది. మూడు తరాలుగా ఎదురుచూసిన మాట, అవ్వ నాలుక చివర ఉంది.

"కనకవ్వనే గదా అవ్వా," అనేసింది సత్తవ్వ.

బాలవ్వ ముఖం వెలిగింది. "ఆఁ, కనకవ్వ." వెంటనే ఆ వెలుగు చెదిరింది. "కనకవ్వనేనా? ఇంకేదో వచ్చింది నోటిదాక. ఇప్పుడే ఉండె." కాసేపు గాలిలోకి చూసింది. "ఏమో బిడ్డా. నువ్వు అన్నంక ఇగ అదే ఉన్నది."

సత్తవ్వ ఏడుస్తోంది, నవ్వుతోంది. ఏం పోగొట్టిందో ఆమెకు తెలియదు.

జంగయ్య లేచాడు. "అవ్వా, లోపలికి పా."

"ఆగురా." బాలవ్వ తాంబాళంలో చెయ్యి పెట్టింది. "మా అత్త సగం రాలగొట్టింది. గా సగం ఇయ్యాల పోస్త." పోసింది. గింజలు చాటలో పడ్డ చప్పుడు వాకిలంతా విన్నది.

ఇంటికి నడుస్తుంటే కొమురెల్లి, "నా ఒట్టు సంగతేంది బిడ్డా?" అన్నాడు. "పేరు అబద్ధమైతే ఇడిసిపెడత అంటి. పేరు అబద్ధమే. మనిషి నిజమాయె."



ప్రయోగశాలలో సంగతంతా విని హైమవతి చేతులు రుద్దుకుంది. "చూశావా, యంత్రం అరవై ఎనిమిదేళ్ళ కిందటి జాడ పట్టింది. పేరు కూడా ఇద్దరు వేర్వేరుగా అదే చెప్పారు. రాయి."

"వేర్వేరుగా కాదు మేడమ్. ఆమెకు పక్కనుంచి అందించారు."

"నీకు బాగా గుర్తుందా?"

ఆ ప్రశ్నలో ఎగతాళి ఉందో లేదో సోమలక్ష్మికి తెలియలేదు. కిటికీ వైపు చూడకుండా, గుర్తుందనే రాసింది. పేరు దొరకలేదు అని కూడా రాసింది. హైమవతి చదివి, కలం మూత పెట్టింది. "ఆయనకు అంత బాధగా ఉంటే ఒకసారి తీసుకురా. ఆ పేరును మెత్తబరిచి తీసేద్దాం. అది అడ్డు తొలగితే అసలుది రావచ్చు."

ఈ మాట తండ్రికి చెప్పింది. ఆయన అడిగాడు: "తీసి, ఆ జాగల ఏం పెడతరట?"

"ఏం పెట్టరట."

"మొదటిసారి గూడ గదే అన్నరు," అన్నాడు కొమురెల్లి. మళ్ళీ పోలేదు.

ఎండాకాలంలో సత్తవ్వ మనవరాలికి పేరు పెట్టే పండుగ వచ్చింది. ఆమె వాకిట్లో వంశం పాట పాడటం అదే మొదటిసారి. బాలవ్వ వచ్చి మంచం మీద కూర్చుంది. జంగయ్య రాలేదు గాని పిలుపు కాదనకుండా కోడలిని పంపాడు. పిల్లకు ఏం పేరు పెడుతున్నారని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. కనక.

కొమురెల్లి గంట పట్టుకుని పాట ఎత్తుకున్నాడు. ఆ ఒట్టు గురించి రాత్రీ పగలూ ఆలోచించి ఒక ఏర్పాటు చేసుకుని వచ్చాడాయన. దొంగ పేరు పాడడు. పేరుందని తెలిసి దాటిపోడు కూడా. ఆ చోట ఒక్క గంట కొట్టి, గొంతు మూసుకుని, ఒక ఊపిరి పట్టు ఆగుతాడు. అసలు పేరు ఎక్కడైనా బతికుంటే, వచ్చి కూర్చోవడానికి అంత జాగా చాలు.

"పెద్ద గట్టయ్య ఇల్లాలు నర్సవ్వ."

చాటలో పిడికెడు పడింది. కొమురెల్లి ఒక్క గంట కొట్టి ఆగాడు.

"కనకవ్వ," అంది వాకిలి మొత్తం.

ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, మంచం మీద బాలవ్వ. ముసలాయన మరిచిపోయాడనుకుని ప్రేమగా అందించారు. నిండు పిడికెడు చాటలో పడింది. సోమలక్ష్మి చప్పున తన పెదవులు తడుముకుంది. తనూ అన్నదో లేదో ఆమెకు తెలియలేదు.

కొమురెల్లి మళ్ళీ గంట మోగించాడు. అంతమంది గొంతుల కింద ఇంకేదైనా సన్నగా వినబడుతుందేమోనని తల ఒక పక్కకు వంచి, కొడుకుల పేర్లలోకి మెల్లగా దిగాడు.